దూలాలు కట్టెలకి ఇచ్చేయకు బావా

పర్లాకిమిడి,
శుక్రవారం రాత్రి

ఒరే బావా,

నిన్న ఫోనులో నువ్వన్న మాట ఇంకా బుర్రలోనే తిరుగుతోంది. గుణుపూర్ ఇల్లు విప్పేసి శ్లాబు వేయిస్తున్నావు, చాలా సంతోషం. కానీ దూలాలూ వాసాలూ మొత్తం కట్టెల రేటుకి బేరం కుదిర్చేశానన్నావే, అక్కడే గుండె గతుక్కుమంది. ఫోనులో చెబితే దెబ్బలాట అయిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మా పెంకుటిల్లు విప్పినప్పుడు నేనూ అదే చేయబోయాను. మా వీధి వడ్రంగి తాత ఆపాడు. పొగచూరి నల్లబడ్డ దూలాన్ని బాడిసతో ఒక్క దెబ్బ చెక్కి చూపించాడు. లోపల తేనె రంగు, ఇంకా టేకు వాసన! "తరాల తరబడి ఎండిన కర్ర బాబూ, ఇది ఇంక వంగదు. కొత్తది కొంటే ఈ ఎండు ఎక్కడినుంచి తెస్తావు?" అన్నాడు. నోట మాట రాలేదు.

పని మాత్రం తేలిక కాదు. రెండు రోజులు కూర్చుని మేకులు లాగాం. లోపల విరిగి ఉండిపోయినవాటిని తాత అయస్కాంతం పెట్టి వెతికాడు. ఒక్కటి తగిలినా కోత మిల్లులో రంపం పాడైపోతుంది. అందుకే పాత కలప అంటే మిల్లువాళ్లు మొహం తిప్పుకుంటారు. చెదపట్టిన కొసలు తీసేశాక దూలాల్లోంచి రెండు ద్వారబంధాలు, ఒక మంచం వచ్చాయి. వాసాల్లోంచి పుస్తకాల అల్మరా, పీటలు. మిగిలిన ముక్కల్లోంచి గోడకి చిలక్కొయ్యలు. అమ్మ ఇప్పుడు ఆ పీట మీదే కూర్చుని కూరలు తరుగుతోంది, "మా అత్తగారి నడవ ఇది" అంటూ.

ఇలా వస్తువుని పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకోవడాన్ని ఇప్పుడు సర్క్యులర్ ఎకానమీ అంటున్నారు. పూరీ రథాల సంగతి నీకు నేను చెప్పాలా? ఏటా కొత్త కర్రతో మూడు రథాలు, 42 చక్రాలు. యాత్ర అయ్యాక విప్పేస్తారు. చక్రాల్లాంటివి భక్తులు కొనుక్కుపోతారు, మిగతా కర్ర గుడి వంటశాలకి పోయి మహాప్రసాదం వండుతుంది. ముందు రథం, పొయ్యి ఆ తర్వాతే. మనం ఆ మధ్య మెట్లన్నీ దాటేసి దూలాన్ని తిన్నగా పొయ్యిలో పెడుతున్నాం. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనేరా. చెట్టు ఏళ్ల తరబడి గాలిలోంచి లాక్కుని దాచుకున్నది. తలుపుగా ఉన్నన్నాళ్లూ అందులోనే ఉంటుంది, మండిస్తే ఒక్క పూటలో మళ్లీ గాలిపాలు.

ఈ బుద్ధి నాకు 2018లో ఉంటే ఎంత బాగుండేది! అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన రోజు మా పెరట్లో పనసచెట్టు కూలింది గుర్తుందా? బొబ్బిలిలో వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారని తెలిసి కూడా, ఆ గాభరాలో ముక్కలు కోయించి పంచేశాను. కొన్ని పెరట్లోనే నాని పుచ్చిపోయాయి. ఆ చోటు ఖాళీగా కనిపించినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

పనికిరాని తుక్కు కూడా ఉంటుందనుకో. శుభ్రమైన ముక్కల్ని పొడిచేసి, బంక కలిపి, వేడి మీద నొక్కితే పార్టికల్ బోర్డు. రంపప్పొట్టుని బాగా ఎండబెట్టి యంత్రంలో గట్టిగా నొక్కితే ఆ వేడికి కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థం మెత్తబడి పొట్టంతా తనకి తానే అతుక్కుంటుంది, బ్రికెట్ అవుతుంది, అంటే పొయ్యిలో పెట్టుకునే గట్టి దిమ్మ. వేరే బంకతో పనిలేదు. కానీ ఒకటి విను. మీ వెనకగది ప్లైవుడ్డు, రంగు వేసిన కిటికీ రెక్కలు మాత్రం చెల్లెమ్మని పొయ్యిలో పెట్టనీయకు. ప్లైవుడ్డులో రసాయనాల బంక ఉంటుంది, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆ పొగ పిల్లలకి మంచిది కాదు. రంగు పొడిగా గీకించకు కూడా, తడిపి గీకమను.

బయానా పుచ్చుకున్నా సరే, తిరిగిచ్చేయ్. ఆదివారం గుణుపూర్ పాసింజరుకి తాతని వెంటబెట్టుకుని వస్తున్నాను. అంతవరకు కర్ర నేల మీద పడేయకుండా ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టించు, పైన టార్పాలిన్ కప్పు. ఆ నడిమి దూలం, చిన్నప్పుడు మనిద్దరం ఉయ్యాల కట్టుకున్నదే, దాన్ని మాత్రం నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనీయకు.

నీ బావ