ఇన్‌అండేట్ అంటే మన గోదావరే అనుకున్నా

నాన్నా,

ఎలా ఉన్నావు, అమ్మ మోకాలు తగ్గిందా? ఇక్కడ యార్క్‌లో నాలుగు రోజుల్నుంచి ఒకటే ముసురు, ఊజ్ నది గట్టు దాకా వచ్చింది.

ఒకటి చెప్తా, నవ్వకు. పోయిన నెల ఒక ఉద్యోగానికి అప్లై చేశా కదా, వారమైనా ఉలుకూ పలుకూ లేదని మెయిల్ పెడితే "వుయ్ హావ్ బీన్ ఇన్‌అండేటెడ్" అని జవాబొచ్చింది, నాకు ఆ పదం ఎక్కడిది, భద్రాచలంలో ప్రతి జూలైలో ఇంగ్లీషు పేపర్లో లోతట్టు ప్రాంతాలు ఇన్‌అండేట్ అయ్యాయని, అంటే నీట మునిగాయని వస్తే నువ్వే కదా పైకి చదివించేవాడివి, అందుకే మిగతాది సరిగ్గా చదవకుండానే అయ్యో మీ వాళ్లంతా క్షేమమేనా, సామాన్లు పైకి చేర్చుకున్నారా అని రాసి పంపేశా! తీరా చూస్తే కింద "విత్ అప్లికేషన్స్" అని ఉంది, వాళ్లు మునిగింది నీళ్లలో కాదు, అప్లికేషన్లలో.

మా ఆఫీసులో అమ్మాయి చెప్పింది, ఇక్కడ నది పొంగితే మామూలుగా ఫ్లడ్ అనే అంటారట, ఇన్‌అండేట్ ఎక్కువగా మెయిళ్లకీ ఫోన్లకీ వాడతారట, అదీ మనమే మునిగినట్టు, ఐ యామ్ ఇన్‌అండేటెడ్ విత్ ఫలానా అని. మనమూ తక్కువేం కాదులే, పొగడ్తలతో ముంచెత్తారు అంటాం. కాకపోతే మనకి ముంచెత్తితే సంతోషం, ముంచేస్తే మోసం, వీళ్లకి ఇన్‌అండేట్ అంటే చాలావరకు ఊపిరాడని పనే.

డిక్షనరీలో చూశా, లాటిన్‌లో "ఉండా" అంటే కెరటమట, ఇన్‌అండేట్ దాన్లోంచి వచ్చిందే. దాన్లోంచే సరౌండ్ కూడా వచ్చిందంట, ముందు దానికి పొంగి పొర్లడం అనే అర్థమట, చుట్టుముట్టడం తర్వాత వచ్చిందట. అది చదవగానే 2022 జూలై గుర్తొచ్చింది నాన్నా, మన దగ్గర గోదావరి 71.3 అడుగులు, నువ్వు మేడ మీద నుంచి వీడియో కాల్‌లో ఫోన్ చుట్టూ తిప్పి చూపించావు చూడు, ఎటు చూసినా నీళ్లే, తులసికోట కొన మాత్రం కనిపించింది. 86లో 75.6 వచ్చింది, ఇదెంత అని పైగా నాకే ధైర్యం చెప్పావు.

ఈసారి గోదావరి 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వేయగానే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రైనా సరే. బియ్యం డబ్బా, అమ్మ మందులు ముందే మేడ మీదకి ఎక్కించు, మూడో హెచ్చరిక, 53 దాకా చూద్దాంలే అనకు.

నీ చిన్ని