ఎర్ర బటన్ సంగతి

తిరుపతి

ప్రియమైన సుధాకర్,

పలమనేరు దగ్గరి మీ పల్లెకు ఇంటర్నెట్ ఇంకా రాలేదని, అయినా స్మార్ట్ టీవీ కొనమని అంగడాయన ఒత్తిడి చేస్తున్నాడని రాశావు. "నెట్ లేకపోయినా అన్నీ వస్తాయి సార్" అన్నాడట. ఆ 'అన్నీ' దగ్గరే కాస్త ఆగాలి.

మా ఇంటికి మొదటి డిష్ పెట్టె వచ్చిన రోజుల్లో, రిమోట్ మీది ఎర్ర బటన్ నొక్కితే క్విజ్ వచ్చేది. మా మేనల్లుడు సరైన జవాబు నొక్కినప్పుడల్లా తెర మెచ్చుకునేది, స్టూడియోలో వాళ్ళకు తన తెలివి తెలిసిపోయిందని వాడు వీధంతా చాటేవాడు. నిజానికి ఉపగ్రహం నుండి డిష్‌లోకి దిగడమే తప్ప, మా ఇంటి నుండి పైకి పోయేదేమీ లేదు. ప్రశ్నతో పాటే జవాబూ దిగేది, మార్కులు వేసేది టీవీ పక్కనున్న ఆ పెట్టే. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తిరుమలలో తిరిగే ధర్మరథం బస్సు మనం పిలిస్తే రాదు కదా, తన దారిన తిరుగుతూ స్టాపులో కాచుకున్నవాణ్ణి ఎక్కించుకుంటుంది. ఈ పెట్టెల్లోని ఆటలు, సమాచార పుటలు కూడా అంతే; ఛానళ్ళతో పాటు అవి మళ్ళీ మళ్ళీ ప్రసారమవుతుంటాయి, మనం బటన్ నొక్కాక కావలసిన పుట వంతు వచ్చేదాకా పెట్టె కాచుకొని దాన్ని పట్టుకుంటుంది. 1974లో బీబీసీ మొదలుపెట్టిన, టీవీ తెర మీద అక్షరాల పుటలు చూపే సీఫాక్స్ టెలిటెక్స్ట్‌లోనూ మూడంకెల పుట సంఖ్య కొట్టి ఇలాగే ఎదురుచూసేవారు. తరువాత బ్రిటన్‌లో పెట్టెకు టెలిఫోన్ తీగ తగిలించి ప్రేక్షకుడి జవాబును వెనక్కి పంపే ఏర్పాటు కూడా చేశారు.

ఇంటర్నెట్ ఉంటే మన కోసమే ఆటో పిలిచినట్లు. అడిగిన సినిమా అడిగినప్పుడు, నిన్న ఆపిన చోటి నుండే మొదలవుతుంది. కాకపోతే మనం ఏం చూస్తున్నామో కంపెనీకి చేరవేసే సెట్టింగు చాలా టీవీల్లో ఉంటుంది, నేను మాత్రం దాన్ని ఆపేశాను. పైగా ఇంటర్నెట్ ప్రసారం ముక్కలుగా వచ్చి, కొంత నిల్వ చేరాకే ఆడుతుంది కాబట్టి వెనకబడుతుంది. గరుడసేవ రాత్రి మేము ఎస్వీబీసీని నెట్‌లో చూస్తుండగా, మా తెర మీద వాహనం కదలకముందే డిష్ ఉన్న పక్కింట్లో "గోవిందా" వినిపించింది. "స్వామి ముందు వాళ్ళింటికి వెళ్ళాడా?" అని అమ్మ అలిగింది.

కాబట్టి ఇప్పటికి హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ ఉన్న మామూలు టీవీ, దానికొక డిష్ పెట్టె చాలు. నెట్ వచ్చిన నాడు, మామూలు టీవీని స్మార్ట్‌గా మార్చే చిన్న స్టిక్‌ను ఆ హెచ్‌డీఎంఐకి తగిలించుకోవచ్చు. అప్పటికీ అంగడాయన వినకపోతే, వైఫై ఆపేసి ఆ 'అన్నీ' ఏమిటో నీ ముందే చూపించమను.

ఇట్లు,
నీ మిత్రుడు