సంక్రాంతికి రాలేను నాన్నా, చిన్నాకి ఈ పని చెప్పండి

నాన్నకీ అమ్మకీ,

ఫోన్లో ఎప్పుడు మొదలుపెట్టినా అమ్మ "తిన్నావా" అంటూ ఫోను లాక్కుంటుంది, చిన్నా రెండు నిమిషాలకే "రాత్రి చేస్తా అన్నయ్యా" అని పెట్టేస్తాడు. అందుకే కూర్చుని రాసి వాట్సాప్‌లో పంపుతున్నా. నాన్నా, కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదవండి. అమ్మకి చదివి వినిపించండి. తర్వాత చిన్నాని ఎదురుగా కూర్చోబెట్టి వాడికి సంబంధించిన చోటు మళ్ళీ చదవండి.

ముందు అసలు సంగతి. సంక్రాంతికి రావడం కుదరట్లేదు, టికెట్ కాన్సిల్ చేశాను. అమ్మా, కోపం తెచ్చుకోకు. ఇక్కడ చలికాలంలోనే నీళ్ళ వాడకం, ఏసీల వాడకం తగ్గుతాయి, నీళ్ళూ కరెంటూ తయారుచేసే మా ప్లాంట్లు రిపేర్లకి ఆపేది ఈ నెలల్లోనే. ఎండాకాలం గంటసేపు ఆపుతామన్నా ఎవరూ ఒప్పుకోరు. ఈ కువైట్‌లో నది అన్నదే లేదు కదా, జనం తాగేది దాదాపు అంతా సముద్రం నీళ్ళలోంచి ఉప్పు తీసిన నీళ్ళే. బ్యారేజీ మీద నిలబడి కంటినిండా కృష్ణని చూసి పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చాకే నీటి విలువ తెలిసింది. అందుకే సెలవు ఇవ్వలేదని మేనేజర్ని తిట్టబుద్ధి కూడా కావట్లేదు. అయినా భోగి రోజు పొద్దున ఎలా గడుస్తుందో అని ఇప్పటినుంచే బెంగగా ఉంది.

నాన్నా, మీకు అర్థమవుతుంది కాబట్టి ఎందుకు ఆగిపోయానో రాస్తాను. వీటీపీఎస్‌లో, అదే మన విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్‌లో, మీకు డీసీ అంటే బ్యాటరీ రూము, 220 వోల్టులు. మా దగ్గర కంట్రోల్ పానెల్స్ అన్నీ 24 వోల్టుల మీద నడుస్తాయి. మామూలు కరెంటుని ఆ 24 వోల్టులుగా మార్చే పవర్ సప్లైలు ప్రతి పానెల్లో రెండు జంటగా ఉంటాయి, చెడిపోయినది రెండోదాన్ని కిందికి లాగకుండా మధ్యలో డయోడ్ మాడ్యూల్, ఒకటి పోతే రెండోది మొత్తం లోడు మోయాలి. నవంబరులో ఒక రాత్రి షిఫ్టులో ఒక పానెల్ పూర్తిగా ఆరిపోయింది. అన్నిటినీ నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీ పోయింది, వాల్వులు వాటంతటవే మూసుకున్నాయి, పంపులు ట్రిప్. తలుపు తీస్తే రెండు సప్లైలూ చచ్చి ఉన్నాయి. రెండూ ఒకే రాత్రి పోవు కదా. మొదటిది ఎప్పుడో పోయింది, రెండోది ఒంటరిగా మోసి మోసి పోయింది. సప్లైలో 'డీసీ ఓకే' అని ఒక రిలే కాంటాక్ట్ ఉంటుంది, లోపల తేడా వస్తే అలారం ఇవ్వడానికే అది. పానెల్ కట్టినవాళ్ళు ఆ వైరు కలపనే లేదు. పచ్చ లైటు ఆరిపోయినా, మూసిన తలుపు వెనక ఎవరు చూస్తారు?

అక్కడితో అయిపోలేదు. స్టోరుకి పరిగెత్తారు, స్పేరు ఉంది, సీలు కూడా విప్పని పెట్టె. అందరూ హమ్మయ్య అనుకున్నారు. బిగించి ఆన్ చేస్తే మీటర్ మీద 24 చూపించింది, లోడు కలపగానే 19కి పడిపోయింది. పెట్టె మీద తేదీ చూస్తే తొమ్మిదేళ్ళ నాటిది. వోల్టేజీని నిలకడగా ఉంచే లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు అన్నేళ్ళు కరెంటు తగలకుండా పడి ఉంటే, వాటిలో ఉండే పల్చటి ఆక్సైడ్ పొర పాడవుతుంది, వాడకపోయినా ముసలివైపోతాయి. కొత్త పెట్టె కదా అని నమ్మి ఆ రాత్రి తెల్లారేదాకా అవస్థ పడ్డాం.

పోయినవాటిని తర్వాత బెంచ్ మీద విప్పి చూశాం. కెపాసిటర్ల పైమూతలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి, ఒకదాని కింద గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. అంతా వేడి వల్లే. కెపాసిటర్ పనిచేసే చోట పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని మా లెక్క. ఈ దేశంలోనే మిత్రిబా అనే చోట 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైంది, ఇక పానెల్ ఏసీ ఒక్క పూట ఆగినా లోపల ఎంత ఉంటుందో చూసుకోండి.

అమ్మా, షాకు కొడుతుందేమో అని నువ్వు అడుగుతావని తెలుసు. మేం పట్టుకునేది 24 వోల్టుల వైపు, దాంతో ప్రాణానికేం కాదు. వచ్చే కరెంటు వైపు బ్రేకర్ దించి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే స్క్రూడ్రైవర్ తీస్తాను. ఆపిన తర్వాత కూడా లోపల కాసేపు ఛార్జి ఉంటుంది, అది పోయేదాకా ఆగుతాను. నాన్న చెయ్యి కాలినప్పుడు నువ్వు పడ్డ బాధ నాకింకా గుర్తుంది. నేను తొందరపడే మనిషిని కాను.

ఇప్పుడు వరసగా పానెల్స్ అన్నింట్లో పాతవి తీసి కొత్తవి పెడుతున్నాం. ఒకదాని మీద నడుస్తుండగానే రెండోది మార్చాలి, అదే టెన్షన్. ముందు తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి మొత్తం లోడు ఎంతో చూస్తాం. మిగిలినది ఒక్కటే మోయగలదని తేలాకే చెయ్యి వేస్తాం. కొత్తదాని పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని సన్నగా తిప్పుతూ రెండో దానితో సమానంగా వోల్టేజీ పెట్టాలి, ఎక్కువ ఉన్నదాని మీదే లోడు అంతా పడుతుంది మరి. ఆ స్క్రూ తిప్పేటప్పుడు వెనకాల ఎవరూ మాట్లాడరు. పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ నిమిషమే నాన్నా.

స్టోరు కూడా నాకే అప్పజెప్పారు. ప్రతి పెట్టె మీద తయారైన తేదీ పెద్ద అక్షరాలతో రాసి, పాతది ముందు వాడేలా వరస మార్చాను. అలమరలు ఏసీ గదిలోకి మార్పించాను. ఏడాదికోసారి ఒక్కోదాన్నీ బయటికి తీసి, కరెంటు ఇచ్చి, లోడు పెట్టి కొన్ని గంటలు నడపాలని రిజిస్టరు మొదలుపెట్టాను. అయిదు ఆంపియర్లవి, పదివి, ఇరవైవి, నానా కంపెనీలవి ఉండేవి. ఇప్పుడు చోటు సరిపోయినచోటల్లా ఒకే రకం పది ఆంపియర్లవి పెడుతున్నాం, అప్పుడు కొద్ది స్పేర్లతోనే అన్నిచోట్లా గడుస్తుంది. పని గురించి ఇంతకంటే రాస్తే అమ్మ నిద్రపోతుంది.

అమ్మా, మోకాళ్ళ నూనె రాస్తున్నావా? గుడి మెట్లు ఎక్కొద్దు, బస్సులో పైకి వెళ్ళు, అమ్మవారేమీ అనుకోదు. అరిసెలు పంపుతానన్నావట, అక్క చెప్పింది. తెనాలి అబ్బాయి ఇరవయ్యో తారీఖున వస్తున్నాడు, అతనికివ్వు, నువ్వులు ఎక్కువ వెయ్యి. గోంగూర పచ్చడి ఇంకా ఉంది, రోజూ రాత్రి అదే.

ఒరేయ్ చిన్నా, ఇక్కడ్నించి నీకు. మీ కోల్డ్ స్టోరేజీ పానెల్ ఫొటో దసరాకి పంపావు కదా, అందులో నాకు కనిపించింది ఒక్క సప్లై. జంట లేదు. అది పోతే పీఎల్‌సీ, టెంపరేచర్ సెన్సార్లు, కంప్రెసర్లు అన్నీ ఒక్కసారే ఆగుతాయి. అమ్మోనియా డిటెక్టర్ కూడా దాని మీదే ఉందేమో చూడు, ఉంటే అది మరీ ప్రమాదం. ఫిబ్రవరికల్లా కొత్త మిర్చి యార్డుకి వస్తుంది, ధర లేకపోతే రైతులు టిక్కీలన్నీ మీ దగ్గరే పెడతారు. వాళ్ళ ఏడాది కష్టం అది. మీ ఓనర్‌గారు "నడుస్తోందిగా" అంటారు, ఆయన్ని నేను తప్పు పట్టను, కానీ ఏప్రిల్లో గదులన్నీ నిండి ఉన్నప్పుడు ఆదివారం రాత్రి అది పోతే గుంటూర్లో ఏ షాపు తీయిస్తావు? సప్లై ఖరీదు ఒక్క గది సరుకు ముందు ఎంతరా?

తలుపు తీసి సప్లై మీద లేబులు ఫొటో పంపు, వోల్టులు, ఆంపియర్లు, తేదీ కనబడాలి. పీఎల్‌సీ సీమెన్స్ ఎస్‌7-300 అని చెప్పినట్టు గుర్తు. అది 2023 అక్టోబరుతో మామూలు అమ్మకం ఆగింది, 2033 దాకా స్పేర్లు మాత్రం ఇస్తామన్నారు, కంగారేం లేదు. సప్లైకి ఆ కంపెనీదే అక్కర్లేదు, మంచి 24 వోల్టులది ఏదైనా సరిపోతుంది. రెండు కొనమను, ఒకటి పానెల్లో, ఒకటి అలమరలో. డీలర్ దగ్గర బిల్లుతో కొనండి, పాతవి తుడిచి కొత్త స్టిక్కరు వేసి అమ్మేవాళ్ళున్నారు. పైనా కిందా ఖాళీ వదిలి బిగించు, గాలి ఆడాలి. పానెల్ కంప్రెసర్ గదిలోనే ఉంటే అక్కడినుంచి మార్చమని గట్టిగా చెప్పు, తేమ తోడైతే అమ్మోనియా రాగి తీగల్ని తినేస్తుంది. రోహిణి కార్తెలో పానెల్ ఫ్యాను తిరుగుతోందో లేదో రోజూ చెయ్యి పెట్టి చూడు.

నాన్నా, వాడు తెచ్చిన రెండూ ముందు మన ఇంట్లో మీరు పరీక్ష పెట్టండి, మీ చేతి మీద నాకున్న నమ్మకం వేరు. ఆటోనగర్లో 24 వోల్టుల లారీ హెడ్‌లైటు బల్బులు దొరుకుతాయి, 70 వాట్లవి రెండు తీసుకోండి. ఒక్కోటి మూడు ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండూ ఒకేసారి కలపొద్దు, చల్లటి ఫిలమెంటు మొదట్లో చాలా ఎక్కువ లాగుతుంది, ఒకటి వెలిగాక రెండోది. రెండు గంటలు ఉంచి వోల్టేజీ కదలకుండా ఉందేమో చూడండి. బల్బులు బాగా కాలతాయి, మంచం మీద పెట్టకండి, అమ్మ దుప్పట్లు అక్కడే ఉంటాయి.

బుడమేరు వచ్చి సింగ్‌నగరంతా మునిగినప్పుడు మన ఇన్వర్టరు నీళ్ళలో పోయింది కదా, కొత్తది మళ్ళీ కిందే పెట్టారని అక్క చెప్పింది. పైన అరుగు కట్టించండి నాన్నా, డబ్బులు ఈ నెల కలిపి పంపుతున్నా. మేస్త్రీ రేపు మాపు అంటే వేరేవాణ్ణి పిలవండి.

మార్చిలో పని అయిపోతుంది, ఉగాదికి సెలవు రాసిచ్చారు, సంతకం అయిన కాగితం నా దగ్గర ఉంది. అమ్మకి నా మాట మీద నమ్మకం లేకపోతే ఫొటో పంపుతాను. బాబాయికి నమస్కారాలు చెప్పండి. చిన్నా లేబులు ఫొటో ఆదివారం లోపల పంపాలి, పంపేదాకా వాడికి అరిసెలు పెట్టొద్దు.

మీ పెద్దోడు