తెల్ల మూతల వంపు కొలతలు వాడకండి, వెనక్కి పంపండి

మా దగ్గర వంపు కొలతలు, అంటే పిల్లల వెన్ను వంకర కొలిచే గోళీ గొట్టం పరికరాలు, కొనుక్కున్న డ్రిల్లు మాస్టార్లకి, తోటి ఫిజియోథెరపిస్టులకి, ఎదిగే పిల్లల కోసం ఇంట్లో ఉంచుకున్న తల్లిదండ్రులకి ఈ మాట. ఈ మధ్య వచ్చిన తెల్ల మూతల సరుకు వాడకండి. నల్ల మూతల పాతవి నిక్షేపంగా ఉన్నాయి.

వాడే పద్ధతి మీకు తెలిసిందే. పిల్లని ముందుకి వంగమని, పరికరం మధ్య గాడి వెన్నెముక మీదకి వచ్చేలా ఆనించి, గొట్టంలో గోళీ ఏ అంకె దగ్గర ఆగిందో చూస్తాం. 1984లో అమెరికా డాక్టరు విలియం బన్నెల్ స్కోలియోమీటర్ అనే వెన్ను వంకర కొలిచే పరికరం గురించి రాసిన దగ్గర్నుంచీ నడుస్తున్న పద్ధతే ఇది. మన బడులకి అందే ధరలో ఉండాలని నేను అమలాపురంలోనే తయారుచేయడం మొదలుపెట్టాను. 7 డిగ్రీలు వస్తే డాక్టరుకి చూపించమని మీ అందరికీ చెప్పాను.

గొట్టాలు పోసిచ్చే యూనిట్ ఆయన నాకు మాటమాత్రం చెప్పకుండా అచ్చు మార్చేశాడు. కొత్త గొట్టానికి వంపు ఎక్కువైంది, అందుకని గోళీ జరగాల్సినంత జరగడం లేదు. బల్ల మీద పెడితే సున్నాయే చూపిస్తుంది, తిప్పి పెట్టినా సున్నాయే. వాలిస్తేనే తేడా బయటపడుతుంది: 7 ఉన్నచోట 6 అంటుంది.

ఫోన్ చేస్తే ఆయనన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "పల్లెటూరి బడుల్లో ఒక్క డిగ్రీ ఎవరు చూస్తారండీ?" మా కోనసీమ పిల్లల వెన్నంటే అంత చులకనా? ఆ డిగ్రీ తక్కువ చూపిస్తే ఏం లేదనుకుని పిల్లని ఇంటికి పంపేస్తాం. వెన్ను వంకర తొందరగా ముదిరేది పిల్లలు ఒక్కసారిగా పొడుగెదిగే వయసులోనే, బ్రేస్ (వంకర ముదరకుండా ఒంటికి తొడిగే గట్టి కవచం) పనిచేసేది కూడా ఎదుగుదల ఆగేలోపే.

అంకెల స్టిక్కరు మార్చి అంటించుకోమని ఆయన సలహా. అందులో లెక్క లేకపోలేదు. జూన్ ఆర్డర్లన్నీ ఎదురుచూస్తున్నాయి, కట్టిన డబ్బు ఇరుక్కుపోయింది, రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. స్టిక్కర్లు అచ్చు వేయించే దాకా కూడా వెళ్లాను. కానీ గొట్టాలు కొలిచి చూస్తే ఒకదాని వంపు ఇంకోదానికి లేదు. అన్నిటికీ ఒకే స్టిక్కరు ఎలా సరిపోతుంది? సరుకు మొత్తం ఆపేశాను. డిస్కౌంటు ఇస్తానని ఆయన మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నాడు, నేను ఎత్తడం లేదు. ఆయన దగ్గర ఇక గోళీ కూడా కొనను.

ఇకమీదట ప్రతి గొట్టాన్నీ ఇక్కడే వాలు చెక్క మీద పెట్టి చూశాకే మూత బిగిస్తాం. మీరూ చూసుకోవచ్చు: 30 సెంటీమీటర్ల చెక్కని ఒక చివర 3.7 సెంటీమీటర్లు ఎత్తితే దాదాపు 7 డిగ్రీల వాలు వస్తుంది. కొత్తవి దసరా తర్వాతే. ధర రెండు వందలు పెరుగుతుంది, ఇందులో బేరం లేదు.

మా దగ్గర దొరికే నడుం బెల్టుల్లో మాత్రం ఏ మార్పూ లేదు. సార్వా నాట్లకి అడిగినవాళ్లకి సిద్ధంగా ఉన్నాయి. పనిలో ఉన్నంతసేపే కట్టుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి.

తెల్ల మూతలవాటితో ఇప్పటికే కొలిచిన పిల్లల్లో 5, 6 వచ్చినవాళ్లని దయచేసి నా దగ్గరికి పంపండి, మళ్లీ చూస్తాను, ఫీజు తీసుకోను. అమలాపురం రాలేనివాళ్లు పరికరాన్ని రాజోలు, రావులపాలెం బస్సుల్లో పార్శిల్ వేయండి. ఖర్చు మాదే. డబ్బు కావాలన్నా ఇస్తాం, దసరా దాకా ఆగుతామంటే కొత్తది పాత ధరకే ఇస్తాం.