పికప్‌లకు మీటర్ల పని: ఇకపై మా షాపులో ఏం చేస్తాం, ఏం చేయం

మా బెంగళూరు షాపు కస్టమర్లందరికీ నమస్కారం. ఈమధ్య ఫోన్లలో ఎక్కువగా వినిపిస్తున్నవి రెండే ప్రశ్నలు. ముందు అద్దం పక్కనుండే పిల్లర్ మీద మూడు మీటర్ల సెట్ ఎందుకు వేయనంటున్నారు? ఈజీటీ మీటర్ లేబర్ దాదాపు రెట్టింపు ఎందుకు చేశారు? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ ఇక్కడే రాసేస్తున్నా.

ముందు రేటు సంగతి. ఈజీటీ అంటే ఇంజిన్‌లోంచి బయటికొచ్చే పొగ వేడి. దాన్ని కొలిచే ప్రోబ్‌ను టర్బోకు (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఫ్యాన్‌కు) ముందు బిగించాలి, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే గొట్టాలకు) రంధ్రం వేసి మర తీయాలి. టర్బో తర్వాత పైపులో పెడితే పని తేలికే కానీ, బండి లోడ్ మీదున్నప్పుడు అసలు వేడికన్నా వంద డిగ్రీలు తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. మానిఫోల్డ్‌ను విప్పకుండానే, డ్రిల్ బిట్‌కు గ్రీజు పూసి, ఇనుప రజనును అయస్కాంతంతో లాగేసే పద్ధతి చాలా చోట్ల ఉంది. పూట తిరక్కుండా బండి చేతికొస్తుంది. కానీ చిటికెడు రజను లోపల మిగిలినా అది పోయేది నేరుగా టర్బో రెక్కల మీదికే. ఆ రెక్కలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి. అందుకే ఇకపై మానిఫోల్డ్ విప్పి, బల్ల మీద పెట్టి రంధ్రం వేస్తాం. విప్పితే కొత్త గాస్కెట్లు పడతాయి. పాత బండ్లలో తుప్పు పట్టిన స్టడ్లు విరుగుతాయి, విరిగిన స్టడ్ తీయడం ఇంకో పెద్ద పని. రేటు పెరిగింది ఇందుకే. ఈ ఒక్క పనికి మాత్రం బేరం ఆడకండి.

అసలు ఈ మీటర్ అందరికీ అక్కర్లేదు. పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి రిమాప్ చేయించినవాళ్లకు, అదే పని చేసే ట్యూనింగ్ బాక్స్ పెట్టుకున్నవాళ్లకు, చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా నిండు లోడ్‌తో ఎక్కి వచ్చేవాళ్లకు కావాలి. ఇంధనం ఎక్కువై, దానికి తగ్గ గాలి అందనప్పుడు డీజిల్ ఇంజిన్‌లో పొగ వేడి పెరుగుతుంది. 700 డిగ్రీలు దాటి చాలాసేపు ఉంటే పిస్టన్లకూ టర్బోకూ ముప్పు. పిస్టన్లు అల్యూమినియంవి, అల్యూమినియం కరిగేదే 660 దగ్గర. కింది నుంచి ఆయిల్, చుట్టూ నీళ్లు చల్లబరుస్తున్నాయి కాబట్టే అవి నిలబడుతున్నాయి. ముల్లు ఎక్కుతోందంటే యాక్సిలరేటర్ తగ్గించి గేరు దించండి. ఘాట్‌లో టాప్ గేరులోనే బండి మూలుగుతున్నా లాగించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఘాట్ ఎక్కి టీ కోసం ఆపినప్పుడు కూడా ముల్లు 200 కిందికి దిగాకే ఇంజిన్ కట్టేయండి.

బీఎస్6 బండి వారంటీలో ఉంటే మేం రంధ్రం జోలికి పోం. వాటిలో చాలావాటికి కంపెనీ సెన్సర్లు ముందే ఉంటాయి, కొన్నిటిలో ఓబీడీ (బండి కంప్యూటర్‌ను చదివే సాకెట్) డిస్‌ప్లేతో ఆ రీడింగ్ చూడొచ్చు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఆ మసిని కాల్చుకునేటప్పుడు ఖాళీ బండిలో కూడా వేడి లేస్తుంది. అది చూసి టెన్షన్ పడొద్దు.

ఇక పిల్లర్. హైలక్స్‌లోనూ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పై వేరియంట్లలోనూ పక్క అద్దాల పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పిల్లర్ మీద, అది తెరుచుకునే దారిలో మీటర్లు కూర్చునే ప్లాస్టిక్ పాడ్ పెడితే, ప్రమాదం జరిగినప్పుడు ఆ పాడ్ వచ్చి మొహానికే తగులుతుంది. వీటికి డాష్‌బోర్డ్ మీదో, స్టీరింగ్ కాలమ్ మీదో పెడతాం. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ లేని బండ్లకు పిల్లర్ మీద పెట్టడానికి మాకేం అభ్యంతరం లేదు.

మూడు మీటర్లు ఎందుకన్నది వేరే ప్రశ్న. పైన చెప్పిన ఈజీటీ అవసరం లేని మామూలు లోడ్ బండికి రెండు చాలు: నీళ్ల వేడి, ఆయిల్ ప్రెజర్. చాలా బండ్లలో కంపెనీ హీట్ ముల్లు మధ్యలో కదలకుండా కూర్చునేలా చేసి ఉంటారు. అది పైకి లేచేసరికే ఆలస్యమైపోతుంది. ఆయిల్ లైటూ అంతే, ప్రెజర్ దాదాపు పూర్తిగా పడిపోయాకే వెలుగుతుంది. కాకపోతే వేడి ఆయిల్‌ను సన్న ట్యూబులో క్యాబిన్‌లోకి తెచ్చే పాతరకం మీటర్లు మేం వేయం. అది ఊడితే డ్రైవర్ కాళ్లు కాలతాయి.

పేరులేని చవక సెట్లు అమ్మడం మానేశాం. ఇప్పుడు ప్రతి హీట్ సెండర్‌నూ (నీళ్ల వేడిని పసిగట్టి మీటరుకు పంపే ముక్కను) షాపులోనే పరీక్షిస్తున్నాం. గిన్నెలో నీళ్లు మరిగించి, సెండర్ ఒంటికి ఎర్త్ వైరు చుట్టి ముంచుతాం, పక్కనే థర్మామీటర్. బెంగళూరు ఎత్తు వల్ల ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి కాబట్టి మీటరూ అక్కడే నిలబడాలి. చవకవాటిలో కొన్ని 85 దాటలేదు. ఒకటైతే 110కి ఎగబాకింది! ఆన్‌లైన్‌లో మీరు కొని తెచ్చినవైనా సరే, ఈ గిన్నె దాటితేనే బిగిస్తాం.

ఓబీడీతో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) చూసేవాళ్లకు ఒక మాట. చెన్నైలో గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్ ఉంటే ఇక్కడ 91 దగ్గర ఉంటుంది. అందుకని సముద్ర మట్టం దగ్గరి ఒత్తిడినే సున్నాగా లెక్కించే కొన్ని డిస్‌ప్లేలు ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మైనస్ 0.1 బార్ చూపిస్తాయి. పాడైందని వెనక్కి తేకండి.

సొంతంగా బిగించుకునేవాళ్లు మర చూసుకోండి. జపాన్ బండ్ల ఆయిల్ ప్రెజర్ రంధ్రాలకు ఎక్కువగా ఇంచికి 28 చుట్ల బీఎస్‌పీటీ (బ్రిటిష్ సైజు) మర ఉంటుంది. అమెరికా సైజు సెండర్‌కు 27. ఆ సెండర్ ఈ రంధ్రంలోకి మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బలం పెడితే బ్లాక్ మర పోతుంది. మర ద్వారానే ఎర్త్ తీసుకునే ఒక్క వైరు సెండర్‌కు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా ఎర్త్ అందక ముల్లు ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది.

ఈజీటీ పనికి వచ్చేవాళ్లు ముందురోజు సాయంత్రమే బండి వదిలి వెళ్లండి, మానిఫోల్డ్ చల్లారితేనే చేయి పెట్టగలం. మిగతా మీటర్లకు పొద్దున తెచ్చి సాయంత్రం తీసుకెళ్లొచ్చు. ఆదివారం షాపు మూసే ఉంటుంది.