హైడ్రోజెల్ కొనేముందు మీ బోరు నీళ్లలో నానబెట్టి చూడండి

సంపాదకుల వారికి,

మెట్ట పైర్లకూ బత్తాయి తోటలకూ హైడ్రోజెల్ పొడి వేస్తే తన బరువుకు 400 రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుందని చెప్పి అమ్ముతున్నారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే అది లవణాలు లేని డిస్టిల్డ్ వాటర్ లెక్క. లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపితే పాలీఅక్రిలేట్ రకం పొడి 30-60 రెట్ల దగ్గరే ఆగిపోతుంది.

ఈ పొడిలోని పొడవాటి అణువుల గొలుసుల నిండా ఋణావేశాలు, వాటికి తోడు సోడియం అయాన్లు (ఆవేశమున్న కణాలు). లోపల అయాన్లు చిక్కగా ఉన్నందుకే బయటి నీళ్లు లోపలికి వస్తాయి. బయటి నీళ్లే ఉప్పగా ఉంటే ఇక వచ్చే పనేముంది? మామూలు ఉప్పు చేసే నష్టం తాత్కాలికమే, మంచి వానకు కడిగేసుకుపోతుంది. సున్నం అలా పోదు. సున్నంలోని ఒక్కో కాల్షియం అయాన్ రెండు ఆవేశాలను పట్టుకుని గొలుసులకు ముడి వేస్తుంది. కాఠిన్యం (నీళ్లలోని సున్నం లాంటి లవణాల కొలత) లీటరుకు 250 మిల్లీగ్రాములున్న నీళ్లు ఒక్క లీటరు చాలు, గ్రాము పొడిలోని ఆవేశాల్లో దాదాపు సగానికి సరిపడా అయాన్లు అందులో ఉంటాయి. డ్రిప్ కింద ఒక సీజన్లో ఎన్ని లీటర్లు పారతాయో రైతుకు చెప్పక్కర్లేదు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు పాత్రల్లో లీటరు చొప్పున వాన నీళ్లు ఒకదాంట్లో, బోరు నీళ్లు ఇంకోదాంట్లో పోయండి. ఒక్కోదాంట్లో గ్రాము పొడిని కలుపుతూ కొద్దికొద్దిగా చల్లాలి. ఒక్కసారే గుమ్మరిస్తే పైన జిగురు కట్టి లోపల పొడి పొడిగానే మిగులుతుంది, లెక్క తప్పుతుంది. రాత్రంతా నాననిచ్చి, ముందే తడిపి తూచిన పల్చటి నూలుగుడ్డలో పోసి, పిండకుండా పదిహేను నిమిషాలు వేలాడదీసి తూచండి. గుడ్డ బరువు తీసేస్తే గ్రాముకు ఎన్ని రెట్లో తేలుతుంది. బోరు నీళ్ల జెల్‌ను మళ్లీ కొత్త బోరు నీళ్లలో రెండుసార్లు నానబెట్టి, చివరకు వాన నీళ్లలో వేయండి. అప్పటికీ మళ్లీ ఉబ్బి కోలుకోకపోతే మీ నీళ్లలో సున్నం ఎక్కువన్నమాట. వేసే గుంతలోనే పొటాష్, డీఏపీ, కాల్షియం నైట్రేట్ కలపడం కూడా మానుకోవాలి.

ఇంకో లెక్క. పూసా హైడ్రోజెల్‌కు చెప్పే మోతాదు ఎకరానికి సుమారు 1-2 కిలోలు. రెండు కిలోలు 400 రెట్లు ఉబ్బినా 800 లీటర్లే. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వాన అంటే 4,000 లీటర్లు! అందుకే పొలమంతా వెదజల్లకుండా విత్తనం సాలులో, వేరు దగ్గరే వేయాలి.

ప్యాకెట్ మీద డిస్టిల్డ్ వాటర్ అంకె పక్కనే ఉప్పు నీళ్ల అంకె, కఠిన జలం అంకె కూడా అచ్చు వేసేలా వ్యవసాయ శాఖ నిబంధన పెట్టాలని కోరుతున్నాం.

– ఇద్దరు రసాయన శాస్త్ర అధ్యాపకులు, అనంతపురం