గాలి ఉన్న రోజే వెళ్లు, చిన్నూ

హైదరాబాద్,
జనవరి, ఆదివారం

చిన్నూ,

సముద్రపు పక్షుల్ని చూద్దామని ఎడిన్‌బరా పక్కనున్న మసల్‌బరా దాకా బస్సులో వెళ్లి, గంటసేపు నిలబడి, కళ్లల్లో నీళ్లు కారడం తప్ప ఏమీ చూడలేదని రాశావు కదా. మీ నాన్న అది విని "ఆ చలిగాలిలో వాణ్ని వెళ్లొద్దని చెప్పు, జ్వరమొస్తే చూసేదెవరు" అని ఒకటే టెన్షన్. నేను మాత్రం మళ్లీ వెళ్లమనే రాస్తున్నాను. అదీ ఈ చలిలోనే, గాలి ఉన్న రోజే.

ఎండలు వచ్చాక వెళ్తానన్నావు. అప్పటికి నువ్వు చూడాలనుకున్న లాంగ్-టెయిల్డ్ డక్‌లు ఉత్తరానికి వెళ్లిపోతాయి. మన అమీన్‌పూర్ చెరువుకి బాతులు చలికాలంలోనే ఎందుకొస్తాయో, ఎడిన్‌బరా తీరానికీ అందుకే వస్తాయి. పైన ఆర్కిటిక్‌లో నీళ్లు గడ్డకట్టి తిండి దొరకదు. మనకు ఎముకలు కొరికే చలి వాటికి బతకదగ్గ చోటు. గాలి సంగతీ అంతే. తూర్పు నుంచో ఈశాన్యం నుంచో గట్టిగా వీచిందంటే, నడిసముద్రంలో తిరిగే పక్షుల్ని ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అనే మీ సముద్రపు పాయలోకి తోసుకొస్తుంది. మన గోరింకంత ఉండే లిటిల్ ఆక్ అలాగే ఆర్కిటిక్ నుంచి ఒడ్డు దాకా వస్తుంది. ఎండ కాసే ప్రశాంతమైన రోజున దాన్ని చూడాలంటే పడవెక్కాల్సిందే.

అయితే నువ్వు గంటసేపు ఎక్కడ నిలబడ్డావు? ఎన్నింటికి? ఆ రెండూ రాయలేదు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లం కదా, మన చెరువు నీళ్లు పొద్దున ఎక్కడున్నాయో సాయంత్రం అక్కడే ఉంటాయి. సముద్రం అలా కాదు. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, ఎస్క్ నది సముద్రంలో కలిసే చోట బురద ఎంతో దూరం బయటపడుతుంది, పిట్టలన్నీ ఆ చివర చుక్కల్లా ఉంటాయి. నీళ్లు ఎక్కుతుంటే వాటికి మేసే చోటు తగ్గిపోయి ఒక్కొక్కటే నీ వైపు జరుగుతాయి. అందుకని నీళ్లు నిండుగా ఎక్కే పోటు సమయానికి రెండు గంటల ముందే వెళ్లి కూర్చో. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది కాబట్టి, పోయిన వారం టైమే ఈ వారమూ అనుకోకు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దది, అష్టమి అటూ ఇటూగా చిన్నది. నా పంచాంగాన్ని చూసి నవ్వేవాడివి, దానికి ఈ ఉపయోగం కూడా ఉంది.

నీళ్లు పూర్తిగా నిండాక అక్కడి లగూన్ల వైపు నడువు. కాకెంజీ థర్మల్ స్టేషన్ బూడిదతో పూడ్చిన చోటది. ఆయిస్టర్‌క్యాచర్లు, గాడ్‌విట్‌లు, కర్ల్యూలు లాంటి ఒడ్డు పిట్టలు పాటు వచ్చేదాకా ఆ గుంటల దగ్గర నిలబడి కునుకు తీస్తాయి. ఫొటో కోసం దగ్గరికి పోకు. నీళ్లు దిగేదాకా వాటికి మేత దొరకదు, అప్పటిదాకా తిన్న తిండితోనే గడపాలి. నువ్వు ఒకసారి లేపితే అవి ఎగరడానికి ఖర్చుపెట్టేది ఆ తిండినే.

గాలిలో నిలబడకు, కూర్చో. సముద్రపు గోడకి వీపు ఆనించి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుంటే బైనాక్యులర్ వణకదు. ఎక్కువ పవర్ ఉన్నది కొనమని ఎవరో చెప్పారన్నావు, వద్దు. గాలిలో పది రెట్ల దానికన్నా ఎనిమిది రెట్లదే నయం, చేతి వణుకు తక్కువ కనపడుతుంది. అద్దం మీద ఉప్పు తుంపర పడితే చొక్కా అంచుతో రుద్దేయకు, గీతలు పడతాయి. ఇంటికెళ్లాక మంచినీళ్లతో తడిపి తుడువు. ఉష్ణోగ్రత 4 డిగ్రీలున్నా, గంటకి 50 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 3లా ఉంటుంది. నాచు పట్టిన రాళ్ల మీదికి మాత్రం దిగకు, ఇది మీ నాన్న మాట, నేనూ ఒప్పుకుంటాను.

పోయిన చలికాలం నేను వచ్చినప్పుడు, నువ్వు కాఫీ తేవడానికి వెళ్లావు గుర్తుందా? ఆ కాసేపట్లో గోడ కింద టర్న్‌స్టోన్‌లు వచ్చాయి. మన ఉల్లంకి పిట్టల బంధువులే. ఒకటి నాకు నాలుగడుగుల దూరంలో, అట్టకట్టిన నాచు కిందికి ముక్కు దూర్చి, మెడ బిగించి పైకెత్తి తిప్పేసింది. కింద ఏదో గెంతింది, అది టక్కున మింగేసింది. ఇంకో ముద్ద కోసం పక్కకి తిరిగిందో లేదో, వెనక నుంచి గాలి కొట్టి వీపు మీది ఈకలన్నీ లేచిపోయాయి. వెంటనే గిర్రున తిరిగి గాలికి ముఖం పెట్టింది, ఈకలు మళ్లీ ఒంటికి అతుక్కున్నాయి. అప్పుడు చూశాను, ఆ గోడ మీద వాలిన పిట్టలన్నీ అటే చూస్తున్నాయి. ముక్కుతో గాలిని చీల్చుకుంటేనే ఈకల కింద వెచ్చదనం నిలుస్తుంది. కాళ్లకి ఈకలు లేవు కదా, గడ్డకట్టవా అని నువ్వు కాఫీ తాగుతూ అడిగావు. కిందికి పోయే వేడి రక్తం, పైకి వచ్చే చల్లటి రక్తం ఆనుకుని ఉన్న నాళాల్లో పారతాయి. వేడి పాదం దాకా పోకుండా మధ్యలోనే తిరిగి ఒంట్లోకి చేరుతుంది. ఒంటికాలి మీద నిలబడ్డవి ఆ కాస్త కూడా ఆదా చేస్తున్నాయన్నమాట.

ఐడర్ బాతుల్ని వదలకు. మగది తెల్లగా, నల్లగా, మెడ వెనక లేత ఆకుపచ్చ. ఆల్చిప్పల్ని మునిగి తెచ్చి పెంకుతో సహా మింగేస్తుంది, నమలడం దాని కడుపు చూసుకుంటుంది. దాని కూత వింటే, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మలు ఎవరింటి సంగతో విని "ఆఁ... ఊఊ..." అని నోరు నొక్కుకున్నట్టే ఉంటుంది. గాలి ఒక్క క్షణం తగ్గితే చాలు, వినపడుతుంది.

గానెట్‌లు కనపడలేదని బాధపడకు. బాస్ రాక్ అనే రాతి దీవి మీద గూళ్లు పెట్టే ఆ సముద్రపు పక్షులు శరదృతువులోనే దక్షిణానికి వెళ్లిపోయి, మళ్లీ ఫిబ్రవరి నాటికి రావడం మొదలుపెడతాయి. ఒకప్పుడు లక్షకి పైగా ఉండేవి అక్కడ. 2022లో బర్డ్ ఫ్లూకి చాలా చచ్చిపోయాయి. బతికి బయటపడ్డ వాటిలో కొన్నింటి నీలి కళ్లు నల్లబడ్డాయట. వాటి కోసం ఇంకోసారి వెళ్దువుగాని.

ఇక్కడ మా జనవరి లెక్కలు నడుస్తున్నాయి, అదే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, 1987 నుంచీ జరుగుతున్నదే. పొద్దున్నే పన్నెండు డిగ్రీలకే మా బృందంలో అందరూ మఫ్లర్లు చుట్టుకుని వచ్చారు, నీ ఫొటో చూపిస్తే నోళ్లు మూతపడ్డాయి. అమీన్‌పూర్‌ని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారే గానీ, గట్టు మీద నిలబడితే పక్షులకన్నా ముందు అపార్ట్‌మెంట్లే కనపడతాయి. కోపమొస్తుంది, అయినా లెక్క రాసుకుని వస్తాం. మీ దగ్గర కూడా వెబ్స్ అని నెలనెలా నీటి పక్షుల్ని లెక్కపెట్టే వాలంటీర్లు ఉంటారు. వాళ్లలో ఒక పెద్దాయన్ని పట్టుకుని పక్కన కూర్చో. ఇంటర్నెట్‌లో వెతికే దానికన్నా అదే తొందరగా ఒంటబడుతుంది.

సున్నుండలు, చేగోడీలు పార్సిల్ చేయిస్తున్నాను. ఫ్లాస్కులో టీ పోసుకెళ్లు. లోపల పల్చటి గ్లవ్స్, పైన మందపాటివి వేసుకో, ఫోకస్ తిప్పేటప్పుడు పైవి తీస్తే సరిపోతుంది. శనివారం పోటు ఎన్నింటికో చూసి నాకు మెసేజ్ పెట్టు. అక్కణ్నుంచి మాత్రం వీడియో కాల్ చేయకు, గాలి హోరు వింటే మీ నాన్న మళ్లీ మొదలుపెడతారు.

అమ్మ